లిస్బన్‌లో సరోజక్క ట్రామ్ దిగిపోయిన రోజు

మా ముగ్గురి స్నేహం పదకొండేళ్ళది. అది మొదలైంది, పెరిగింది అంతా తిరుత్తణి నుంచి చెన్నై వెళ్ళే పొద్దుటి ఎలక్ట్రిక్ ట్రైన్‌లో, ఆడవాళ్ళ పెట్టెలోనే. సరోజక్క తిరుత్తణిలో ఎక్కుతుంది. వాళ్ళది నేత కుటుంబం. బావ ఇప్పటికీ ఇంట్లో మగ్గం నేస్తాడు. అక్క మాత్రం ఆవడిలో యూనిఫాంలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషను మీద పనిచేసింది. కడంబత్తూరులో రేవతి ఎక్కుతుంది. ఇంటి దగ్గర వరి, వేరుశనగ సాగు, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. తిరువళ్ళూరులో నేను ఎక్కుతాను. నా పేరు హేమ. చెన్నైలో ఒక కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించి అద్దాలు రాస్తుంటాను.

అక్క రిటైరయిన రోజు, అదే పెట్టెలో, రేవతి ఊరికే అడిగింది. "ఇంగ ఏం చేస్తావక్కా, తిని పడుకుంటావా?" అక్క ఫోను తీసి ఒక వీడియో చూపించింది. పసుపుపచ్చ ట్రామ్ బండి ఒకటి ఇరుకు సందులో కొండ ఎక్కుతోంది. రెండు పక్కలా ఇళ్ళ గోడలు చేతికి అందేంత దగ్గర. పైన కిటికీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి.

"ఈ బండి ఎక్కాల," అంది అక్క.

"ఇది పోర్చుగల్‌లో ఉండాది అక్కా. లిస్బన్ అనే ఊరు," అంది రేవతి.

"యాడుంటే ఏమి? ఇన్నేళ్ళు రైలెక్కినోళ్ళం, ఇదొక్కటి ఎక్కలేమా?"

అంతే, అక్కడ మొదలైంది. మీలో ఎవరైనా ఇలా స్నేహితులతో, వీపు మీద ఒక్క బ్యాగు వేసుకుని యూరప్ వెళ్ళాలనుకుంటుంటే ముందుగా చెప్పేదేమిటంటే, వీసాకి కనీసం మూడు నెలలు చేతిలో పెట్టుకోండి. వేలిముద్రలు ఇవ్వడానికి చెన్నైలోని వీసా కేంద్రానికి స్వయంగా వెళ్ళాలి. హాస్టల్ బుకింగ్, రానూ పోనూ టికెట్లు, ప్రయాణ బీమా, బ్యాంకు కాగితాలు అన్నీ అడుగుతారు. అక్కకి పెన్షన్ కాగితాలు సరిపోయాయి. ముగ్గురికీ మూడు గుడ్డ సంచులు అక్కే కుట్టింది. నడుముకి కట్టుకుని బట్టల లోపల దాచుకునేలా, పాస్‌పోర్టు సరిగ్గా పట్టే కొలతలో, జిప్పు ఒంటివైపు తిరిగి ఉండేలా. బజారులో దొరికే వాటికన్నా అవే నయం.

బయల్దేరే రోజు బావ తిరుత్తణి స్టేషనుదాకా వచ్చాడు. నేను ముందు రాత్రి వాళ్ళింట్లోనే పడుకుని అక్కతో కలిసి బయల్దేరాను. అక్క కిటికీ పక్కన సర్దుకుంటుంటే బావ నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు. "హేమా, ఆయమ్మికి ఇంగ్లీషు రాదు. పరాయి దేశం. నువ్వు చెయ్యి వదలొద్దు మ్మా." వదలనని మాట ఇచ్చాను. ఎలక్ట్రిక్ ట్రైన్‌లో, దారిలో రేవతిని కలుపుకుని, సెంట్రల్‌కి, అక్కడి నుంచి మెట్రోలో విమానాశ్రయానికి, గల్ఫ్‌లో ఒక విమానం మారి లిస్బన్‌కి. గుమ్మం దాటినప్పటి నుంచి హాస్టల్ చేరేదాకా దాదాపు ఇరవై ఆరు గంటలు పట్టింది. లిస్బన్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి టాక్సీ అక్కర్లేదు. మెట్రో అక్కడే మొదలవుతుంది. ఎర్ర లైనులో ఎక్కి, అలమేదాలో పచ్చ లైనుకి మారితే అరగంటలో ఊరి నడిబొడ్డున ఉంటారు.

హాస్టల్‌లో ఆడవాళ్ళకి మాత్రమే ఉండే ఆరు మంచాల గది తీసుకున్నాం. మనిషికి రాత్రికి సుమారు ముప్ఫై యూరోలు. మంచం కింద ఇనప అర ఉంటుంది కానీ తాళం మనదే ఉండాలి. ఇంటి నుంచే ఒక్కో తాళం తీసుకెళ్ళండి. మొదటి రోజు నిద్రతోనే గడిచింది. నేను చెప్పబోయేది రెండో రోజు గురించి.

ఆ రోజు పొద్దున ఏడున్నరకి లేచాం. జూన్ మొదటి వారం. అక్కడేదో పుణ్యపురుషుడి పండగ నెలట, వీధులన్నిటికీ రంగు కాగితాల తోరణాలు కట్టారు. గాలి చల్లగా ఉంది కానీ ఎండ చురుకు. అక్క నూలు చీర కట్టుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని, వీపుకి బ్యాగు తగిలించుకుంది. హాస్టల్‌లో ఉన్న ఒక జర్మన్ అమ్మాయి అక్కతో ఫొటో దిగింది. కింద బేకరీలో గుడ్డు, పాలు, చక్కెరతో చేసే చిన్న చిన్న పిండివంటలు వేడివేడిగా తెచ్చుకున్నాం. ఒక్కోటి యూరోన్నర దాకా ఉంటుంది. పైన అక్కడక్కడా నల్లగా మాడి ఉంటే అక్క అనుమానంగా చూసింది. ఒకటి తిన్నాక తనే రెండోది తీసుకుంది.

బయటికి వస్తూ నేను జాగ్రత్తలు మళ్ళీ చెప్పాను. బ్యాగు ముందుకి వేసుకోవాలి. ఎవరైనా మ్యాపు చూపించి దారి అడిగితే ఆగకూడదు. చేతికి దారం కట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. విడిపోతే విడిపోయిన చోటే నిలబడాలి, మిగతావాళ్ళు వెనక్కి వస్తారు. ఇవన్నీ మంచి జాగ్రత్తలే, మీరూ పాటించండి. నేను చేసిన తప్పు ఆ తర్వాతది. అక్క ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఫొటోలు తీస్తోంది. ఎవరైనా ఫోను లాక్కుపోతారని నాకు భయం వేసింది. "ఇట్లియ్యి అక్కా, నా బ్యాగులో భద్రంగా ఉంటాది," అని చేతిలోంచి తీసేసుకున్నాను. ఆమె డబ్బుల పర్సు అంతకుముందే నా దగ్గర ఉంది. అక్క ఒక్క క్షణం నా వంక చూసి, సరేనని ఊరుకుంది.

ఆ వీడియోలోని ట్రామ్ ఇరవై ఎనిమిదో నంబరు. మార్తిం మొనీజ్ అనే కూడలిలో మొదలవుతుంది. మెట్రోకి, బస్సుకి, ట్రామ్‌కి అన్నిటికీ పనికొచ్చే రోజు కార్డు మెట్రో స్టేషనులో ఏడు యూరోల చిల్లరకి దొరుకుతుంది. బండిలో టికెట్ కొంటే ఒక్క ప్రయాణానికే దాదాపు సగం డబ్బు పోతుంది. మేం తొమ్మిదికి వెళ్ళేసరికే బారెడు వరస. నలభై నిమిషాలు నిలబడ్డాక ఎక్కాం. లోపల చెక్క బల్లలు, ఇత్తడి పిడులు. బండి కదలగానే అక్క మొహం చూడాలి! రేవతి చెవిలో అంది, "హేమక్కా, ఆమె కన్నార్పడం లేదు."

కూర్చునే చోటు దొరకలేదు. నేనూ రేవతీ ముందు వైపు, అక్క వెనక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని. మధ్యలో ఇరవై మంది జనం. గ్రాసా అనే గుట్ట మీదికి ఎక్కి, అటువైపు దిగడం మొదలుపెట్టింది బండి. గోడలు దగ్గరికి వచ్చాయి. వీడియోలో చూసిన సందు అదే. అందరూ ఫోన్లు పైకెత్తి అటే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏయ్! చెయ్యి తియ్యి! నిన్నే, చెయ్యి తియ్యి అంటా ఉండా కదా!"

తల తిప్పాను. జనం తలల మధ్య ఏమీ కనిపించలేదు. బండి ఒక స్టాపులో ఆగి ఉంది. ఏదో తోపులాట. ఎవరో ఇంగ్లీషులో అరిచారు. వెనక తలుపు మూసుకుంది. బండి కదిలింది. పక్కకి వంగి కిటికీలోంచి చూస్తే చీర కొంగు ఒక్కసారి కనిపించి, మలుపులో మాయమైంది.

అక్క రోడ్డు మీద ఉంది. ఆమె ఫోను నా బ్యాగులో ఉంది. డబ్బులూ నా బ్యాగులోనే ఉన్నాయి. హాస్టల్ పేరు ఆమెకి నోరు తిరగదు. "ఆపండి, ఆపండి," అని నేను తెలుగులో అరుస్తున్నానని రేవతి తర్వాత చెప్పింది. జనంలోంచి ఒక పెద్దాయన ముందుకి తోసుకుంటూ వచ్చి డ్రైవరుతో వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "ఇంత వాలులో ఆపలేను, వచ్చే స్టాపులో," అన్నాడట. ఆ మాట పెద్దాయనే మాకు ఇంగ్లీషులో చెప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. నాకు అరక్కోణం నుంచి ఆవడిదాకా వెళ్ళినంత సేపనిపించింది.

దిగుతుంటే పెద్దాయన కూడా మాతో దిగాడు. డెబ్బై పైనే ఉంటాయి, మోకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. "పోయింది నా పర్సే. ఒక అమ్మాయి నా జేబులో చెయ్యి పెట్టింది. మీతో వచ్చినావిడ ఆ చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి గుంజుకుంటూ దిగింది, మీ స్నేహితురాలు వదల్లేదు, ఆమెతోపాటే దిగిపోయింది," అన్నాడు. పేరు జువాకిం, కోయింబ్రా అనే ఊరి నుంచి వచ్చానన్నాడు.

"కోయంబత్తూరా?" అంది రేవతి, పరుగుకి సిద్ధమవుతూనే. అంత కంగారులోనూ ఆమెకి అలాగే వినిపించింది.

మేమిద్దరం ఎగువకి పరుగెత్తాం. రాళ్ళు పరిచిన రోడ్డు, నున్నగా అరిగిపోయి ఉంది. రెండుసార్లు జారాను. పరుగెత్తుతున్నంతసేపూ బావ మాటే చెవుల్లో. స్టాపు చేరాం. అక్కడ ఎవరూ లేరు.

స్తంభం ఒకటే ఉంది, దానికో పసుపుపచ్చ బోర్డు. ఆ స్తంభానికి, మనిషి ఎత్తులో, ఎర్ర తెల్ల గళ్ళ తువ్వాలు రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది. అది అక్కది. బావ నేసింది. తిరుత్తణిలో ట్రైనెక్కగానే మా ఇద్దరికీ సీటు పట్టి పెట్టేది ఆ తువ్వాలు పరిచే. దాన్ని చూడగానే రేవతి రోడ్డు మీదే కూలబడి నవ్వింది, ఏడ్చింది, రెండూ. "ఈడే ఉండాది హేమక్కా. యాడికీ పోలేదు. మనకు సీటు పట్టింది."

కానీ ఎక్కడ? నాలుగు వైపులా చూసి పేరు పెట్టి అరిచాను. కిటికీలో ఒక ముసలావిడ తలుపు వేసేసుకుంది. ఇంతలో జువాకిం రొప్పుతూ వచ్చాడు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టతనితో మాట్లాడుతూ, చీర కుచ్చిళ్ళు ఎలా ఉంటాయో చేతులతో చూపించాడు. కొట్టతను వెంటనే పక్కనున్న మెట్ల సందు చూపించాడు.

మెట్లు దిగితే ఎడమ చేతివైపు ఒక చిన్న బట్టలు కుట్టే కొట్టు. గాజు తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. తలుపు తట్టాను. లోపల నుంచి అరవై ఏళ్ళావిడ, మెడలో టేపు వేలాడుతూ, తెర కొంచెం పక్కకి తీసి నన్ను కిందికీ పైకీ చూసి, వేలు అడ్డంగా ఊపింది. తియ్యనని అర్థం. నా జుట్టు రేగిపోయి, మొహం ఎర్రబడి, నేనే దొంగలా కనిపించి ఉంటాను. అప్పుడు ఆవిడ వెనక నుంచి సరోజక్క గొంతు.

"అయ్యో, అది మా హేమ! తెరువు తెరువు!"

ఆవిడకి తెలుగు రాదు. అయినా తలుపు తెరుచుకుంది.

అక్క కుట్టు మిషను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో ప్యాంటు. కాలి మడత సూదితో కుడుతోంది. పక్కన బల్ల మీద కాఫీ గ్లాసు, దాని పక్కన జువాకిం పర్సు. నేను వెళ్ళి కావలించుకున్నాను. అక్క సూది నాకు గుచ్చుకోకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"ఏందిమే, ఇంతసేపా? కాఫీ అయిపోయినాది."

"స్టాపులోనే నిలబడమన్నా కదక్కా!" అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నిలబడినా. దిగినంక ఆ దొంగమ్మి పరుగెత్తిపోయినాది, పర్సు మాత్రం నా చేతిలో ఉండిపోయినాది. చూస్తే వాళ్ళోడు ఇంకొకడు, ఎదురుగా గోడకానుకుని నన్నే చూస్తా ఉండాడు. అట్లే నిలబడితే నా తావకు వస్తాడు కదా? నువ్వు చెప్పిన రూలు ఆడ పనికిరాదు. అందుకే తువ్వాలు కట్టినా. అప్పుడే కింద నుంచి మిషను చప్పుడు వినిపించె. కాలితో తొక్కే మిషను. ఆ చప్పుడు నాకు తెలీదా? మిషను ఉండే తావ ఆడోళ్ళు ఉంటారని వచ్చేసినా."

"భయపడలేదా అక్కా?" అంది రేవతి.

"భయం లేకుండా ఉంటాదా! చేతులు ఒకటే వణుకు. ఈ యమ్మ కాఫీ ఇచ్చె, గ్లాసు నిలవలేదు. ఆడ ప్యాంటు కనిపించె, అడిగి తీసుకున్నా. గుడ్డ పట్టుకున్నంక చేతులు నిలబడినాయి."

ఆ కొట్టావిడ పేరు లుర్దెస్. జువాకిం ఆమెకీ మాకూ మధ్య మాటలు అటూ ఇటూ మోశాడు. పర్సు తెరిచి చూసుకున్నాడు. గుర్తింపు కార్డు, సాయంత్రం ఊరికెళ్ళే రైలు టికెట్, మందుల చీటీ అన్నీ ఉన్నాయి. ఆయన అక్క ముందు తల వంచి, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. అనువదించమని మేమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఈ సంగతి పోలీసులకి తనే చెబుతానన్నాడు. ఊరి మధ్య, రెస్తౌరదోరెస్ అనే కూడలిలో, యాత్రికుల కోసమే ఒక పోలీసు స్టేషను ఉందని, అక్కడ ఇంగ్లీషు మాట్లాడతారని చెప్పాడు. ఆ పేరు మీరూ రాసి పెట్టుకోండి.

వచ్చేముందు అక్క దారం కొరికి ప్యాంటు మడిచి ఇచ్చింది. లుర్దెస్ దాన్ని తిరగేసి, కళ్ళద్దాలు పైకి తోసి, కుట్టు మీద వేలు పెట్టి చివరిదాకా చూసింది. జువాకింని ఏదో అడిగింది. "ఈ పని ఎక్కడ నేర్చుకుందని అడుగుతోంది," అన్నాడాయన.

"ఆవడిలో అని చెప్పు," అంది అక్క, ఆవడి ఎక్కడో లోకమంతా తెలిసినట్టు.

కాఫీకి డబ్బులివ్వబోతే లుర్దెస్ నా చేతిని వెనక్కి నెట్టేసింది. అక్క మెట్లెక్కి తువ్వాలు విప్పుకుంది. నేను ఊపిరి పీల్చుకుని, ఇక హాస్టల్‌కి వెళ్ళి కాసేపు పడుకుందాం అన్నాను. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న అక్క ఆగింది. చెయ్యి చాపింది.

"నా ఫోను ఇయ్యి."

ఇచ్చాను.

"పర్సు."

అదీ ఇచ్చాను. అక్క రెండూ తన బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. గొంతు పెంచలేదు. "బావకు నువ్వేమి మాటిచ్చినావో నాకు తెలుసు హేమా. ఆయనకు భయం, ఇచ్చినావు, తప్పు లేదు. కానీ నేను నీ లగేజీ కాదు మే. ముప్ఫై ఏళ్ళు ఒక్కదాన్నే పోయి ఒక్కదాన్నే వచ్చినా. ఫోను నా దగ్గరే ఉండి ఉంటే, నీకు ఒక్క మాట చెప్పి సుమ్మా, ఊరికే కూర్చుని కాఫీ తాగుతా ఉందును. ఇంత పరుగు నీకెందుకు?"

తప్పయిందక్కా అన్నాను. ఆమె నా చెమట తువ్వాలుతో తుడిచి, "సరే పద, ఆకలేస్తా ఉండాది," అంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మౌరారియా సందుల్లో ఒక నేపాలీ భోజనశాలలో తిన్నాం. మార్తిం మొనీజ్ చుట్టుపక్కల మన వైపు దినుసులు అమ్మే కొట్లు, అన్నం పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. పప్పు, అన్నం, కూర, పచ్చడి కలిపి పది యూరోల లోపే. వంట చేసే అతను హిందీ మాట్లాడాడు. రేవతి తనకి వచ్చిన కొంచెం హిందీతో జరిగిందంతా అభినయించి చూపించింది. అతను గరిటె పట్టుకునే నవ్వాడు. "ఆ బండి ఏడింటికి ముందు ఎక్కండి. అప్పుడు పనికి వెళ్ళేవాళ్ళే ఉంటారు, కూర్చోవచ్చు. లేదంటే పన్నెండో నంబరు ఎక్కండి, అదీ పాత బండే, జనం తక్కువ. తొమ్మిది తర్వాత ఎక్కేవాళ్ళంతా ఫోన్లు చూస్తుంటారు, వాళ్ళని ఇంకొకళ్ళు చూస్తుంటారు," అన్నాడు. అక్కకి ఇంకో గరిటె అన్నం అడక్కుండానే వేశాడు.

తిన్నాక నేను ఫోనులో మ్యాపు తెరిచాను. అక్క వద్దంది. "ఈ మధ్యాహ్నం మిమ్మల్ని నేను తోలుకుపోతా." పచ్చ లైను మెట్రోలో చివరి స్టేషను కాయిష్ దో సొద్రే చేరాం. పక్కనే ఓడల రేవు. నది దాటి కసీల్యాష్ అనే అవతలి ఊరికి పడవలు వెళుతుంటాయి, పది నిమిషాల ప్రయాణం. మా రోజు కార్డు పడవకి పనికిరాదు, వేరేది తీసుకోవాలి. టికెట్ యంత్రం ముందు అక్క నిలబడింది. వెనక వరస పెరుగుతోంది. నేనే నొక్కేద్దామని చెయ్యి చాపాను. రేవతి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. అక్క అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుని, ఒకసారి తప్పు నొక్కి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ నొక్కి, మూడు కార్డులు చేతిలోకి తీసుకుంది. వెనక నిలబడ్డ ఒక కుర్రది చప్పట్లు కొట్టింది.

పడవ మీద గాలి గట్టిగా ఉంది. నది అక్కడ సముద్రమంత వెడల్పు. వెనక్కి చూస్తే ఊరంతా మెట్లు మెట్లుగా, తెల్ల గోడలూ ఎర్ర పెంకులూ. అవతల దిగి, నీళ్ళ అంచున నడుస్తూ అక్క బావకి వీడియో కాల్ చేసింది. మనకి అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ నాలుగు. నేను కొంచెం దూరం జరిగాను. దాచిపెడుతుందేమో అనుకున్నాను. ఒక్క ముక్క వదలకుండా అంతా చెప్పింది, తను దిగిపోవడం, గోడకానుకున్న వాడు, గడియ వేసిన తలుపు.

"ఆ దొంగమ్మి చెయ్యి విరిగిందా?" అన్నాడు బావ.

"ఏమో, గట్టిగానే పట్టినా."

"నువ్వు పడితే వదలవులే," అన్నాడు ఆయన. తర్వాత, "తిన్నావా?" అని అడిగాడు. అంతే. నన్ను పిలవమనలేదు, నన్ను ఏమీ అడగలేదు.

మర్నాడు ఆరున్నరకే మార్తిం మొనీజ్‌లో ఉన్నాం. బండిలో మాతో కలిపి తొమ్మిదిమంది. తలకి రుమాలు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు, ఊడ్చే పనికి వెళుతున్నారేమో, కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నారు. డ్రైవరు ఆడమనిషి. అక్క కార్డు పెట్టి, "బొం దియా," అంది, వాళ్ళ భాషలో శుభోదయం. లుర్దెస్ దగ్గర నేర్చుకుందట. డ్రైవరు తిరిగి అదే అని, గంట ఒకటికి రెండుసార్లు కొట్టింది. చివరి స్టాపుదాకా, దాదాపు ముప్పావు గంట, అక్క కిటికీ పక్కనే కూర్చుంది. ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

ఆ ఊళ్ళో ఇంకో మూడు రోజులున్నాం. దారి చూపేది ఒక్కో రోజు ఒక్కొక్కరు. క్షేమంగా తిరిగి రావడమంటే అప్పటిదాకా నా లెక్కలో తెలిసినవాళ్ళు ముందు నడవడం, తెలియనివాళ్ళు వాళ్ళ వెనక నడవడం. కానీ ఆ స్టాపులో తెలియని మనిషి ఎవరు? ఇంగ్లీషు వచ్చిన నేను రోడ్డు మీద నిలబడి అరుస్తున్నాను. ఇంగ్లీషు రాని ఆమె చుట్టూ చూసింది, విన్నది, ఎటు వెళ్ళాలో తేల్చుకుంది. ఒక మనిషిని కాపాడుతున్నామనుకుంటూ ఆ మనిషి చేతిలో ఉన్నవన్నీ మనమే లాక్కుంటే, ఆపద వచ్చిన క్షణానికి ఆమె దగ్గర మిగిలేది ఏమిటి? ఇది నేను ఇంట్లో అమ్మ విషయంలోనూ, ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్ళ విషయంలోనూ చాలాసార్లు చేశాను. ఇప్పుడు అద్దాల చీటీ తోడు వచ్చినవాళ్ళ చేతికి కాకుండా, కళ్ళు ఎవరివో వాళ్ళ చేతికే ఇస్తున్నాను. అక్క దారి చూపిన రోజున రెండుసార్లు దారి తప్పాం. ఇంటికొచ్చి చూసుకుంటే, ఫొటోలు బాగా వచ్చింది ఆ రెండు చోట్లే.

ఇక మీకు ఒకే ఒక్క సలహా. ఎంతమంది కలిసి వెళ్ళినా, ఫోను, అందులో అక్కడ పనిచేసే సిమ్ము, ఒక రోజుకి సరిపడా డబ్బు, హాస్టల్ చిరునామా రాసిన కాగితం, ఈ నాలుగూ ఎవరివి వాళ్ళ ఒంటి మీదే ఉండాలి. చిరునామాని ఆ దేశపు భాషలోనే, పెద్ద అక్షరాలతో, హాస్టల్‌లో ఉండేవాళ్ళ చేతే రాయించుకోండి. అడిగితే నవ్వుతూ రాసిస్తారు.